ఇంటి పొగ తప్పింది, మరి వీధి పొగ?



వంటలూ భోజనాలూ అయి, గిన్నెలు సర్దుకుని, కాస్త నడుం వాల్చే వేళ ఇది. ఇలాంటి వేళ పొగ గురించి మాట్లాడతానంటే, "ఇదేం గోలమ్మా, ఏ ఊరగాయ సంగతో చెప్పరాదా!" అనుకుంటారేమో. కాని పొగ సంగతి మన ఆడవాళ్ళకంటే బాగా ఎవరికి తెలుసు చెప్పండి?

మా అమ్మమ్మగారింటి వంటిల్లు నాకిప్పటికీ కళ్ళకు కట్టినట్టుంది. మసిపట్టి నల్లబడ్డ దూలాలు, ఓ మూల ఆరీ ఆరని కట్టెలు, ఆవిడ చేతిలో ఊదుగొట్టం. తెల్లవారుజామున పొయ్యి రాజేసింది మొదలు ఆవిడ కొంగుతో కళ్ళు తుడుచుకుంటూనే వుండేది. రాత్రిళ్ళు ఒకటే దగ్గు. ఆ దగ్గు పొగ వల్లనేమో అని ఆవిడకు ఎవరూ చెప్పలేదు. "వయసు మీద పడింది కదా" అనేవారు, అంతే. అమ్మ కాలానికి బొగ్గుల కుంపటీ, కిరసనాయిలు స్టవ్వూ వచ్చాయి. మన కాలానికి గ్యాసు వచ్చింది. పట్నాల్లో చాలా ఇళ్ళల్లో రెండు తరాలు తిరిగేసరికి వంటింట్లో పొగ లేకుండా పోయింది. మన అమ్మమ్మలు చూస్తే ఎంత మురిసిపోదురో!

ఇంట్లోంచి పోయిన పొగ వీధిలో బైఠాయించింది. దాన్ని రోజూ పొద్దున్నే రాజేసి వస్తున్నవాళ్ళలో మనమూ వున్నాం. ఇతరుల సంగతెందుకు, నేనూ వున్నాను. ఆ కథే ముందు చెబుతాను.

మా మనవడికి ఏడేళ్ళు. రెండో తరగతి. పోయిన చలికాలంలో వాడికి దగ్గు పట్టుకుంది. రాత్రి పడుకుంటే గుండెల్లో పిల్లికూతలు. ఒకనాటి రాత్రి ఊపిరందక లేచి కూర్చుని, "నాన్నమ్మా, గాలి రావట్లేదు" అన్నాడు. ఆ మాట విన్నాక మాకెవ్వరికీ మళ్ళీ నిద్ర పట్టలేదు. డాక్టరుగారు చూసి ఉబ్బసమన్నారు. పీల్చే మందు రాసిచ్చి, ఎలా వాడాలో చూపించారు. ఆ తరవాత ప్రశ్నలు మొదలుపెట్టారు. ఇంట్లో ఎవరైనా సిగరెట్లు కాలుస్తారా? లేదండీ. దోమల చుట్ట వెలిగిస్తారా? మానేశామండీ. "బాబును బడికి ఎలా పంపుతున్నారు? సాయంత్రం గేటు దగ్గర ఎంతసేపు వుంటాడు?"

ఆ ప్రశ్నకు మా కోడలూ నేనూ మొహమొహాలు చూసుకున్నాం. బడి మా ఇంటికి ముప్పాతిక కిలోమీటరు. పొద్దున్న మా కోడలు ఆఫీసుకు పోతూ కారులో దింపుతుంది. సాయంత్రం మావారూ నేనూ వెళతాం. బండి నిలుపుకోవడానికి చోటు దొరకదని పావుగంట ముందే వెళ్ళి, వాడు వచ్చేసరికి కారు చల్లగా వుండాలని ఏసీ వేసి, ఇంజను ఆపకుండా కూర్చుంటాం.

మర్నాడు నేను కారు దిగి గేటు దగ్గర నిలబడి చూశాను. కార్లూ, స్కూటర్లూ, ఆటోలూ, బడి బస్సులూ. ఇంజను ఆపకుండా నిలబడ్డవి లెక్కపెడదామంటే రెండు చేతుల వేళ్ళూ చాలలేదు. గంట కొట్టారు. పిల్లలంతా బిలబిలమంటూ ఆ పొగగొట్టాల మధ్య నుంచే వచ్చారు. మన ముక్కు ఎత్తున వుండే పొగ వేరు, వాళ్ళ ముక్కు ఎత్తున వుండేది వేరు. వాళ్ళది సరిగ్గా పొగగొట్టానికి దగ్గర. నాకు మా అమ్మమ్మ పొయ్యి గుర్తుకొచ్చింది. కాకపోతే అమ్మమ్మ తనే పొగ మింగి మాకు అన్నం పెట్టింది. నేను చల్లగా కూర్చుని పిల్లవాడి చేత పొగ మింగిస్తున్నాను.

ఇప్పుడు ఈ పొగ సంగతి కాస్త విడమరిచి చెప్పుకుందాం. ఇంజను అనగానే అది మగవాళ్ళ విద్య అని వదిలేయకండి. పొయ్యి రాజేసిన చేతికి ఇంజను అర్థం కాకపోవడమంటూ వుండదు. పొయ్యి ఎప్పుడు ఎక్కువ పొగ వదులుతుంది? రాజేసేటప్పుడు. కట్టె బాగా అంటుకుని మంట నిలకడగా వుంటే పొగ తగ్గుతుంది. ఇంజనూ అంతే. చల్లగా వున్న ఇంజను తిరగడానికి పెట్రోలు ఎక్కువ కావాలి. అది పూర్తిగా కాలదు. కాలీకాలనిది పొగగొట్టం దారిన బయటికి పోతుంది.

ఇంకో సంగతి. ఇప్పటి పెట్రోలు బళ్ళ పొగగొట్టంలో కాటలిటిక్ కన్వర్టరు అని ఒక భాగం వుంటుంది. తేనెపట్టు లాంటి సన్నటి గదులూ, ఆ గదులకు ప్లాటినం వంటి లోహాల పూతా వుంటాయి. విషవాయువులు వాటి గుండా పోయేటప్పుడు చాలావరకు విరిగిపోయి హాని తగ్గుతుంది. మంచి ఏర్పాటే! కాని అది రెండు మూడు వందల డిగ్రీలు వేడెక్కితేగాని పనిలోకి దిగదు. ముప్పాతిక కిలోమీటరు ప్రయాణంలో అది నడుం బిగించేసరికి మనం సగం దారిలో వుంటాం. అందుచేత "ఎంత దూరం కనక, ఇక్కడికే కదా" అని బండి తీస్తామే, కిలోమీటరు లెక్కన చూస్తే ఆ ప్రయాణమే అన్నిటికంటే ఎక్కువ పొగ వదులుతుంది. బడికి ఒకసారి, కూరలకు ఒకసారి, మరిచిపోయిన కొత్తిమీర కట్టకు ఇంకోసారి. పొయ్యి ఆర్పి, చల్లార్చి, రోజుకు ఆరుసార్లు రాజేసినట్టు!

ఈ పొగలో కంటికి కనిపించేది కొంతే. కనిపించనిదే ఎక్కువ చెరుపు చేస్తుంది. రవ్వ జల్లించేటప్పుడు చూడండి. ముతక రవ్వ జల్లెట్లో నిలుస్తుంది, మెత్తటి పిండి జారిపోతుంది. మన ముక్కూ గొంతూ కూడా జల్లెడ వంటివే. ముతక దుమ్మును పట్టి తుమ్ముతోనో దగ్గుతోనో బయటికి తోసేస్తాయి. కాని పొగలోని అతి సన్నటి నలుసులు, 2.5 మైక్రానులకంటే చిన్నవి, ఆ జల్లెడకు దొరకవు. మన తల వెంట్రుక మందంలో అవి ఇరవయ్యో వంతో ముప్పయ్యో వంతో వుంటాయి. తిన్నగా ఊపిరితిత్తుల అడుగుకు పోతాయి. వాటిలో మరీ సన్నవి నెత్తుట్లో కూడా కలుస్తాయి. ఉబ్బసమే కాదు, గుండెజబ్బూ, పక్షవాతమూ కూడా ఈ నలుసుల వల్ల ఎక్కువవుతాయి. మురికి గాలి క్యాన్సరుకు కారణమని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధన సంస్థ 2013లో తేల్చి చెప్పింది. ఘనపు మీటరు గాలిలో ఈ నలుసులు ఏడాది సగటున 5 మైక్రోగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సలహా ఇచ్చింది. మన దేశం 2009లో పెట్టుకున్న హద్దు 40. అంటే మన హద్దే దానికి ఎనిమిది రెట్లన్నమాట. ఆ హద్దు కూడా దాటే పట్నాలు మన దేశంలో చాలానే వున్నాయి.

పిల్లలు మనకంటే వేగంగా ఊపిరి తీస్తారు. ఒంటి బరువు లెక్కన చూస్తే మనకంటే ఎక్కువ గాలి పీలుస్తారు. పైగా వాళ్ళ ఊపిరితిత్తులు ఇంకా ఎదుగుతూనే వుంటాయి. అమెరికాలో దక్షిణ కాలిఫోర్నియా పరిశోధకులు రెండు దశాబ్దాలపాటు బడిపిల్లల ఊపిరి బలాన్ని కొలుస్తూ వచ్చారు. ఆ కాలంలో అక్కడ గాలి బాగుపడింది. గాలి బాగుపడినకొద్దీ తరవాతి పిల్లల ఊపిరితిత్తులు మెరుగ్గా ఎదిగాయని 2015లో ప్రకటించారు. మనకు ధైర్యమిచ్చే మాట ఇది. గాలిని బాగుచేస్తే పిల్లలకు అందే ఫలితం వుందన్నమాట.

మరో ఊరి సంగతి కూడా చెప్పాలి. అది విని నాకు కంట నీరాగలేదు. లండను నగరంలో ఎల్లా అనే తొమ్మిదేళ్ళ పాప వుండేది. వాళ్ళ ఇల్లు నిత్యం బళ్ళు తిరిగే పెద్ద రోడ్డుకు అతి దగ్గర. ఉబ్బసంతో మాటిమాటికీ ఆసుపత్రిలో చేరి, చివరికి 2013 ఫిబ్రవరిలో ఆ పాప పోయింది. తల్లి ఊరుకోలేదు. ఏళ్ళ తరబడి పోరాడింది. ఆ మరణానికి మురికి గాలి కూడా ఒక కారణమని 2020 డిసెంబరులో విచారణాధికారి తీర్పు చెప్పారు. మురికి గాలి ఉబ్బసాన్ని ముదరబెడుతుందన్న సంగతి ఆ తల్లికి ఎవరూ చెప్పలేదనీ, తెలిసివుంటే ఆవిడ జాగ్రత్త పడివుండేదనీ కూడా అన్నారు. మా అమ్మమ్మకూ ఎవరూ చెప్పలేదు. మనకు ఇప్పుడు తెలుసు. తెలిసీ ఊరుకుంటే మనల్ని మనం ఏమనుకోవాలి?

"బాగానే వుందమ్మా, ప్రభుత్వం ఏం చేస్తోంది మరి?" అంటారా? చేసినవి చేసింది. పిల్లల బుర్రకు చెరుపు చేసే సీసం ఒకప్పుడు పెట్రోలులో కలిపేవారు. 2000 సంవత్సరంలో దేశమంతటా అది ఆగిపోయింది. 2020 ఏప్రిల్ నుంచి కొత్త బళ్ళకు బిఎస్ 6 అనే గట్టి నిబంధన వచ్చింది. ఢిల్లీలో బస్సులన్నీ సహజవాయువుతో నడవాలని సుప్రీంకోర్టు 1998లో ఆజ్ఞ ఇచ్చింది. 2002 చివరికల్లా బస్సులూ ఆటోలూ టాక్సీలూ అలా మారాయి. గాలి కాస్త తెరిపిన పడింది. కాని ఏటేటా రోడ్డెక్కే సొంత బళ్ళ వరద ఆ లాభాన్ని తినేసింది. ఒక్కొక్క బండి వదిలే పొగ తగ్గినా, బళ్ళే పదింతలయితే ఏం ప్రయోజనం? చిల్లు కుండలో నీళ్ళు పోసినట్టే కదా!

కరెంటు బళ్ళు వచ్చాయి కదా అంటారేమో. మంచివే. వాటికి పొగగొట్టం వుండదు. స్కూటరు కొనాల్సి వస్తే అదే కొనండి. అయితే టైర్లూ బ్రేకులూ అరిగి లేచే ధూళి దానికీ తప్పదు. రోడ్డు మీద అది ఆక్రమించే చోటూ తగ్గదు. రోడ్డు ఇరుకైతే మిగతా బళ్ళు నిలబడిపోయి ఇంకా పొగ వదులుతాయి. కాబట్టి అసలు లెక్క మనుషులెందరు, ఇంజన్లెన్ని అన్నదే.

ఆ లెక్క చూద్దాం. నలభై మంది బస్సెక్కితే ఒక్క ఇంజను. ఆ నలభై మందీ ఇద్దరేసి స్కూటర్ల మీద పోతే ఇరవై ఇంజన్లు. ఒక్కొక్కరు ఒక్కొక్క కారులో పోతే నలభై. "బస్సు నల్లటి పొగ వదులుతుంది కదండీ" అంటారు. నిజమే, పాత బస్సు వదులుతుంది. ఆ పొగను నలభైతో భాగించి చూడండి. బస్సులు బాగుండాలని గట్టిగా అడుగుదాం, కాని అందుకని బస్సెక్కడం మానేస్తే ఎలా?

పట్నం బస్సు మన హైదరాబాదుకు కొత్తదేం కాదు. 1932లోనే నిజాం ప్రభుత్వ రైల్వేవారు 27 బస్సులతో బస్సులు నడపడం మొదలుపెట్టారు. 2003లో ఎంఎంటీఎస్ రైళ్ళు వచ్చాయి. 2017 నవంబరులో మెట్రో వచ్చింది. ఇప్పుడది మూడు దారుల్లో 69 కిలోమీటర్లు. తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచీ, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుంచీ సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్ళకు టికెట్టే లేదు. మనకోసం ఇంత చేసి పెడితే, కాస్త తీరిక చూసుకుని ఎక్కితే నష్టమేమిటి?

ఏమిటో నాకు తెలుసు. నేను ఎక్కాను కనక తెలుసు. పొద్దున తొమ్మిదింటికి కాలు పెట్టే సందు వుండదు. మెట్టు ఎత్తు. స్టాపులో నీడ వుండదు. మెట్రో దిగాక ఇంటికి చేరే దారిలో నడవడానికి కాలిబాట వుండదు, వుంటే దాని మీద బండో, బడ్డీ కొట్టో, ట్రాన్స్‌ఫార్మరో వుంటుంది. చీకటి పడితే దీపాలుండవు. ఇవన్నీ నిజమైన కష్టాలు. అయినవాళ్ళంతా కార్లలోకి ఎక్కిపోతే వీటిని అడిగే నోరే వుండదు, మిగిలినవాళ్ళ కష్టం ఎవరికీ పట్టదు. మనం నడిస్తేనే కాలిబాట కావాలని తెలుస్తుంది. నలుగురం కలిసి వార్డు ఆఫీసుకు వెళ్ళి ఒక కాగితం ఇస్తే, అది నీళ్ళ కుళాయి కోసం ఇచ్చిన అర్జీ వంటిదే. అందులో నామోషీ ఏమీ లేదు.

నామోషీ అన్నాను కనక ఆ మాటా చెప్పేస్తాను. "కారు పెట్టుకుని నడుచుకుంటూ పోవడమేమిటి, చూసినవాళ్ళు ఏమనుకుంటారు!" అని మావారే అన్నారు. "చూసినవాళ్ళు మనవడికి ఊపిరి తీసిపెట్టరు కదండీ" అన్నాను. ఆయన కాసేపు పేపరు చాటున వుండిపోయారు. మర్నాడు సాయంత్రం నాకంటే ముందే చెప్పులు వేసుకుని గుమ్మంలో నిలబడ్డారు.

మా కోడలిది వేరే సందేహం. "అత్తయ్యా, కారులో అయితే అద్దాలు వేసి వుంటాయి. నడిపిస్తే వాడు పొగ ఇంకా ఎక్కువ పీల్చడూ?" అంది. మంచి ప్రశ్న. బళ్ళ రద్దీలో అద్దాలు మూసినా, బయటి గాలి లోపలికి వచ్చేలా వుంటే ముందు బండి పొగే మన కారులోకి వస్తుంది. అలాగని నిండు రద్దీలో పెద్ద రోడ్డు పక్కన నడిపించడమూ మంచిది కాదు. దారి ఎంచుకోవాలి. పెద్ద రోడ్డుకు నూరు, రెండు వందల మీటర్లు దూరం జరిగితే బళ్ళ పొగ బాగా పలచబడుతుంది. మేము వెనక సందుల్లోంచి, వేపచెట్ల కిందుగా ఒక దారి వెతుక్కున్నాం. రెండు నిమిషాలు ఎక్కువ పడుతుంది. పడనీయండి!

మొదట మా మనవడొక్కడే. తరవాత పక్కింటి పాప, ఎదురింటి అన్నదమ్ములిద్దరు కలిశారు. ఇప్పుడు మా సందులోంచి ఆరుగురు పిల్లలు వెళుతున్నారు. పొద్దున ఇద్దరు తల్లులు వంతులు వేసుకుంటారు, సాయంత్రం మేమిద్దరం తెస్తాం. ఆరు బళ్ళు ఇంట్లోనే వుంటున్నాయి. మా వాడి ఉబ్బసం నయమైపోయిందని నేను చెప్పను. అలా చెబితే అబద్ధమవుతుంది. మందు వాడుతూనే వున్నాడు, మానకూడదని డాక్టరుగారి మాట. కాని రోజుకు రెండుసార్లు మింగే ఆ పొగ తప్పింది. ఇంకెవరి పిల్లవాడి ముక్కులోకో మా కారు పొగ పోవడమూ తప్పింది.

ఇక మీరు చేయగలిగినది చెబుతాను. పాలపద్దు, చాకలిపద్దు రాసినట్టే ఒక్క వారం రోజులు ప్రయాణాల పద్దు రాయండి. ఎవరు, ఎక్కడికి, ఎంత దూరం, ఏ బండి మీద. వారం చివర ఇంటిల్లిపాదీ కూర్చుని చూడండి. కిలోమీటరు లోపువి ఎన్ని? అవి నడకకు వదిలేయండి. ఒకే వైపు పోయేవి ఎన్ని? బ్యాంకూ, మందులూ, కూరలూ ఒక్క తిరుగుడులో ముగించండి. ఒకే వీధి పిల్లలు వేరువేరు బళ్ళలో పోతున్నారా? ఒక ఆటోలో పంపండి, కుక్కి మాత్రం పంపకండి. వారానికి రెండు రోజులైనా ఆఫీసుకు బస్సో మెట్రోనో ఎక్కమని ఇంట్లో మగవాళ్ళతో చెప్పండి. తప్పక బండి తీస్తే, ఆగినచోట ఇంజను ఆపండి. గాలి పీడనం, పొగ పరీక్ష సరిగా చూసుకోండి. బడివారిని కలిసి, గేటుకు కాస్త దూరంలోనే బళ్ళు నిలపమని అడగండి. పెద్దవాళ్ళనీ, నడవలేనివాళ్ళనీ, రాత్రివేళ ఆడపిల్లలనీ మాత్రం ఈ లెక్కల్లోకి లాగకండి. వాళ్ళకు బండి అవసరం. మనది చాలాసార్లు అలవాటు.

2020 మార్చిలో కరోనా వల్ల అంతా ఇళ్ళల్లో వుండిపోయినప్పుడు, మీరూ మేడమీదికి వెళ్ళి ఆకాశం చూసే వుంటారు. ఎన్నాళ్ళకో అంత నీలంగా కనిపించింది. ఆ రోజులు మళ్ళీ రావాలని ఎవరమూ కోరుకోం. కాని బళ్ళు తగ్గితే గాలి ఎంత త్వరగా తేరుకుంటుందో ఆ నాలుగు వారాల్లో కళ్ళారా చూశాం.

వంటింట్లోంచి పొగను పంపించిన చేతులు మనవి. ఈ సాయంత్రం బడి గంట కొట్టేవేళకు కారు తాళం మేకుకే వుంచి, చెప్పులు వేసుకుని చూడండి. దారిలో మీ పిల్లవాడు చెప్పే కబుర్లు అదనపు లాభం.